మంత్రమునకు అర్థము కలదా? – గాయత్రీ జపమును గూర్చి

మంత్రమును జపించువాడు అర్థమెరిగి జపింపవలయునా, ఉచ్చారణ మాత్రముననే ఫలము సిద్ధించునా అను ప్రశ్న మిక్కిలి ప్రాచీనము. మంత్రములు అర్థరహితములని కౌత్సుడు వాదించెనని యాస్కుడు నిరుక్తము ప్రథమాధ్యాయమున తెలిపినాడు. కౌత్సుని హేతువులు తేలికగా త్రోసిపుచ్చదగినవి కావు. మంత్రమున పదములు నియతములు. వాని క్రమమును నియతము. పర్యాయపదము నుంచినచో అది మంత్రమే కాదు. హింస చేయుచునే గొడ్డలిని హింసింపకుమని వేడుట, రుద్రుడు ఒక్కడేయని ఒకచోట, అసంఖ్యాకులని వేరొకచోట చెప్పుట అర్థము గల మాటల పద్ధతి కాదు. లోకమున వాడు పదములే మంత్రములందును కలవు గనుక అర్థమును కలదని యాస్కుని సమాధానము. 14వ శతాబ్దిలో సాయణుడు ఋగ్వేదభాష్యభూమికయందు ఈ చర్చనే మరల ఎత్తుకొనెను. 1975లో కేరళమందలి పాంజాళ్ గ్రామమున జరిగిన అగ్నిచయనమును పరిశీలించిన ఫ్రిట్స్ స్టాల్, 1989లో ప్రకటించిన గ్రంథమున ఇంచుమించు కౌత్సుని పక్షమునే నిలిపినాడు.

ఈ వివాదమునకు గాయత్రియే తగిన పరీక్షయని మా అభిప్రాయము. ఋగ్వేద తృతీయ మండలమున 62వ సూక్తమందలి 10వ ఋక్కు ఇది. గాయత్రీ ఛందమునకు ఎనిమిదేసి అక్షరముల పాదములు మూడు, వెరసి 24 అక్షరములు ఉండవలయును. పఠించు రీతిగా లెక్కించినచో మొదటి పాదమున ఏడే కలవు. ఇట్లు ఒక అక్షరము తక్కువైనదానికి పింగళుడు నిచృత్తని పేరిడెను. 'ఇయ' మున్నగువానితో పాదమును పూరింపవచ్చుననియు సూత్రించెను. అనగా 'వరేణ్యం' అనుదానిని 'వరేణియం'గా లెక్కింపవలయును. అధ్యయనమున వరేణ్యమనియే పఠింతురు. జపమున వరేణియమను వారును కలరు. అర్థమున రవంతయు భేదము లేదు. భేదము లేనిచోట ఇంత పట్టింపేల? ఇంతవరకు కౌత్సునిదే పైచేయి.

'ధీమహి' యొద్ద కథ మారును. సాయణాదులు దీనిని ధ్యానార్థమున వ్యాఖ్యానించిరి; ఆధునిక భాషాశాస్త్రజ్ఞులలో పెక్కురు 'ధా' ధాతువునుండి సాధింతురు. ధ్వని చలింపలేదు; అర్థము చలించినది. ధ్వని అంత స్థిరముగా నిలుచుటచేతనే ఈ విచారణ మనకు సాధ్యమగుచున్నది.

ఇక జపవిధి. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున విధియజ్ఞముకంటె జపయజ్ఞము పదిరెట్లు, ఉపాంశుజపము నూరురెట్లు, మానసజపము వేయిరెట్లు అధికమని కలదు. ఉచ్చారణయే సర్వమైనచో నిశ్శబ్దజపమునకు ఈ అగ్రస్థానమేల? మనస్సునందైనను వర్ణక్రమము మారదు గదాయని కౌత్సపక్షమువారు బదులు చెప్పవచ్చును, అది నిజమే. కాని పతంజలి యోగసూత్రమున ప్రణవమునకు జపమును, తదర్థభావనమును వేరువేరుగా చెప్పినాడు. జపముననే అర్థభావన ఇమిడియున్నచో రెండవ మాటతో పనిలేదు. అర్థమే లేనిచో ఆ మాట పొసగదు.