ఏలూరు సర్కారు - కడలిమీది తీర్పు

పెదపాటనుండి చూచినవారికి కొల్లేటినీరే గాని కడలి కానరాదు. అయినను ఏలూరు సర్కారు పరాధీనమగుట కడలిమీదనే నిర్ణయమైనది.

1753లో సలాబతుజంగు ఈ సీమను పరాసువారి కొసంగెను. 1758లో క్లైవు వంగదేశమునుండి కర్నల్ ఫోర్డును ఓడలపై విశాఖపట్టణమునకు బంపెను. ఆ యేడే పరాసు నౌకాధిపతి దాషే ఆంగ్లనౌకలతో రెండుమాఱులు పోరి మారిషసు దీవికి మరలిపోయెను. ఫోర్డు ఏలూరున విడిసి, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటను బట్టుకొనెను. పరాసుల సహాయనౌకలు వచ్చుసరికి కొలదిదినములు మించిపోయినవి. పెద్దసేనతో సమీపించిన సలాబతుజంగు మేనెలలో ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అతనికి ఆశ్వికదళము గలదు; యుద్ధనౌక యొక్కటియు లేదు.

మనవారికి ఓడపని తెలియకనా? యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై ఓడ గలదు. పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయులే నరసాపురమున మన వడ్రంగులచేత ఓడలు కట్టించుకొనిరి! సముద్రయాన నిషేధమే యీ చేటునకు మూలమని సంస్కర్తలు కొందఱందురు. బౌధాయనుడు దానిని పాతకములలో జేర్చినమాట నిజమే. ఆ నిషేధమును మేమును మెచ్చము. కాని మక్కాకు ఓడలు నడపిన గోలకొండ సుల్తానుల కే శాస్త్ర మడ్డువచ్చెను? వారికి రేవనగా సుంకపుచావడి. దానిని గాచు ఫిరంగియోడలు వ్యయమునకే యని తలచిరి కాబోలు. 1766 నాటి హైదరాబాదు సంధితో, సుంకముతోపాటు ఏలూరు సర్కారును కుంఫిణీవారి వశమయ్యెను.