ఎన్టీఆర్ పాలనలో ప్రాంతీయ అసమానతలు, గ్రామీణ సేవలు

1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావు ఆంధ్ర, సీమ, తెలంగాణ అన్న తేడాలను తన ప్రసంగాల్లోకి పెద్దగా రానివ్వలేదు. తెలుగువాళ్లంతా ఒక్కటే అన్నది ఆయన మాట. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ నుంచి ఒకేసారి పోటీచేసి మూడుచోట్లా గెలిచి, హిందూపురం ఉంచుకున్నారు. వెనుకబాటును ఆయన ప్రాంతాల తగాదాగా చూసినట్టు కనిపించదు. పల్లెకీ కచేరీకీ మధ్య ఉన్న దూరంగా చూశారు.

ఆ దూరంలో మొదటి మెట్టు కరణం. అడంగల్ నకలు కావాలన్నా (తెలంగాణలో దాన్నే పహాణీ అంటారు), పన్ను రసీదు కావాలన్నా రైతు ఆ ఇంటి అరుగు మీద కూర్చోవలసిందే. ఊరి భూముల లెక్కలన్నీ ఆ ఇంట్లో దస్త్రాల మూటల్లో ఉండేవి. వంశపారంపర్యంగా సాగిన కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థను 1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేశారు. సుప్రీంకోర్టు 1985లో దాన్ని సమర్థించింది. పెత్తనం పోయిందిగానీ, లెక్క తెలిసిన మనిషీ దానితోనే పోయాడు. దస్త్రాలు సరిగా చేతికి రాని ఊళ్లలో భూతగాదాలు పెరిగాయి. ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకోకుండా తొందరపడ్డారన్న విమర్శలో నిజం ఉంది.

రెండో మెట్టు తాలూకా. 1985లో తాలూకాలను చిన్నచిన్న ముక్కలు చేసి సుమారు 1,100 మండలాలు ఏర్పరచారు. కులం సర్టిఫికెట్ కోసం కూలి మానుకుని రోజంతా ప్రయాణం చేయవలసిన ఊళ్లకు ఆఫీసు దగ్గరైంది. 1986 చట్టం ప్రకారం 1987లో మండలాధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. ఆ పదవుల్లో వెనుకబడిన తరగతులకు 20 శాతం, మహిళలకు 9 శాతం కేటాయించారు. ఆయన సంస్కరణల్లో బాగా వేళ్లూనింది ఇదే. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ తాలూకాలకు తిరిగి వెళ్లలేదు.

ప్రాంతాల మధ్య పంపకాల దగ్గరకు వచ్చేసరికి కథ వేరు. మద్రాసుకు 15 టీఎంసీల కృష్ణా నీళ్లు ఇవ్వాలన్న ఒప్పందాన్ని 1983లో తెలుగుగంగగా విస్తరించి, దారిలో రాయలసీమ, నెల్లూరు పొలాలకూ నీళ్లు చేర్చారు. కాలువ తవ్వడానికి ఏళ్లు పట్టింది. 1996 సెప్టెంబరులో నీళ్లు మద్రాసు దగ్గరి పూండి జలాశయం చేరేనాటికి ఆయన లేరు.

ఉద్యోగాల పంపకం ఇంకా కష్టమైంది. ఉద్యోగాల్లో స్థానికులకు వాటా కేటాయించిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలో 58,962 మంది స్థానికేతరులు చేరారని అధికారుల కమిటీ తేల్చింది. వారిని 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలంటూ 1985 డిసెంబరు 30న ప్రభుత్వం జీవో 610 ఇచ్చింది. మండలాల గీతలు గీయడం సర్కారు చేతిలో పని. కుదురుకున్న ఉద్యోగులను కదపడం అలాంటిది కాదు. గడువు దాటినా జీవో అమలు కాలేదు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసి, ఉల్లంఘనల లెక్క మళ్లీ మొదటి నుంచి తీయవలసి వచ్చింది.