డ్రోన్ నియమాలు, 2021

డ్రోన్ నియమాలు, 2021 భారతదేశంలో డ్రోన్ల వాడకాన్ని క్రమబద్ధీకరించే నియమావళి. పౌర విమానయాన మంత్రిత్వ శాఖ దీనిని 2021 ఆగస్టులో ప్రకటించింది. అదే సంవత్సరం మార్చిలో వచ్చిన కఠినతరమైన నియమాలు దీనితో రద్దయ్యాయి.

వర్గీకరణ

మోసే సరుకుతో సహా మొత్తం బరువును బట్టి డ్రోన్లు ఐదు రకాలు: నానో (250 గ్రాముల వరకు), మైక్రో (2 కిలోల వరకు), చిన్నవి (25 కిలోల వరకు), మధ్యతరహావి (150 కిలోల వరకు), పెద్దవి (ఆపైన).

గగనతల మండలాలు

ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయ సరిహద్దు నుండి 8-12 కి.మీ. దూరంలో ఈ పరిమితి 200 అడుగులు. పసుపు మండలంలో విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి, ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అత్యవసరమైతే రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని ఒక విడతకు 96 గంటలకు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు.

వాణిజ్య వినియోగం

నానో డ్రోన్లకు, వాణిజ్యేతర మైక్రో డ్రోన్లకు పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. అయితే అదే మైక్రో డ్రోన్‌తో సొమ్ము తీసుకుని పెళ్ళి వీడియో తీసేవారికి అది ఉండాలి. పొలాలలో పురుగుమందు చల్లే బరువైన డ్రోన్లకూ ఇదే వర్తిస్తుంది. 18-65 ఏళ్ళ వయసుండి, పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొంది దీనికి అర్హులవుతారు. నానో డ్రోన్లకు తప్ప మిగిలినవాటికి, ఇతరులకు జరిగే నష్టానికి పరిహారమిచ్చే బీమా ఉండాలి. ఉల్లంఘనకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.