చూపు లేనివారికి సర్కారు సమాచారం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో సర్కారు కబురు చాలాకాలం డప్పు చాటింపుతోనే తెలిసేది. వినడానికి చూపుతో పనిలేదు. రాతలో ఉన్నది మాత్రం వేరు. నిజాం కాలంలో రికార్డులు ఉర్దూలో, పట్వారీ చేతిలో ఉండేవి. భూమి, పంట వివరాలుండే పహాణీలో ఏముందో ఆయన చదివి చెబితేనే రైతుకు తెలిసేది. చదువు రాని ఊళ్లో ఆ పరాధీనత అందరిదీ. తెలుగు కాగితాలు, బడులు వచ్చాక మిగతావాళ్లు దాంట్లోంచి బయటపడ్డారు. చూపు లేనివారు ఇంకొకరు చదివిపెట్టేదాకా ఆగాల్సి వచ్చింది.

1951లో భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ కుదరడంతో తెలుగుకూ ఆరు చుక్కల లిపి స్థిరపడింది. అది పాఠ్యపుస్తకాల్లోకి వచ్చినంతగా ఆఫీసు కాగితాల్లోకి రాలేదు. ఎన్నికల్లో మాత్రం ఒక ముందడుగు తెలుగు నేల మీదే పడింది. 2004 శాసనసభ ఎన్నికల్లో హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ నియోజకవర్గంలో ఓటింగ్ యంత్రాలపై బ్రెయిలీ అంకెలను పరీక్షించి చూశారు. అయితే వేలికి తగిలేది అంకె ఒక్కటే. ఏ అంకె ఎవరిదో తెలియాలంటే అభ్యర్థుల జాబితా కూడా బ్రెయిలీలో ఉండాలి. పోలింగ్ కేంద్రంలో బ్రెయిలీ నమూనా బ్యాలెట్ అడిగి తీసుకునే ఏర్పాటు అందుకే వచ్చింది.

అడిగే హక్కుకు గట్టి పునాది 2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం. దరఖాస్తు రాయలేనివారు నోటితో చెబితే, దాన్ని రాతలో పెట్టడానికి పౌర సమాచార అధికారి సాయపడాలని 6వ సెక్షన్ చెబుతుంది. ఇంద్రియ వైకల్యం ఉన్నవారికి రికార్డు అందేలా, తనిఖీతో సహా, తోడ్పడాలన్నది 7(4). ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. కానీ బ్రెయిలీ అన్న మాట చట్టంలో ఎక్కడా కనిపించదు. కోరిన రూపంలోనే ఇవ్వాలన్న 7(9)లోనూ, వనరులు అతిగా మళ్లుతాయనుకుంటే కాదనే వెసులుబాటు ఉంది.

కంప్యూటర్ వచ్చినంత మాత్రాన చిక్కు తీరలేదు. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు స్కాన్ చేసిన పేజీ ఒట్టి బొమ్మ. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన తెలుగు దానికి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరుస. అందుకే సీడీ అడిగితే చాలదు. యూనికోడ్ పాఠం కావాలని దరఖాస్తులోనే రాయడం మేలు.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం బ్రెయిలీ, పెద్ద అచ్చు, ఆడియోలతో పాటు చదివి వినిపించే మనిషిని కూడా సమాచార మార్గాలుగా పేర్కొంది. ఆ చట్టం కింది నిబంధనలు అమలులో సలహాల్లా మిగిలిపోయాయి. ఈ లోపంపై సుప్రీంకోర్టు హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం నుంచి నివేదిక తెప్పించుకుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో ఆ నిబంధనల్లో 15వది చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.