రబీకి ముందు నీటి లెక్క: రైతులు కలిసి వేసుకునే పద్ధతి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో రబీ పంటకు చాలామందికి బోరే ఆధారం. పంట పూతకొచ్చాక నీరు తగ్గితే పెట్టుబడి పోతుంది. మరో బోరు వేస్తే అప్పు పెరుగుతుంది. పక్కపక్క పొలాల బోర్లు తోడేది ఒకే నీటిని. కాబట్టి ఒక్కరు పొదుపు చేస్తే చాలదు, లెక్క అందరూ కలిసి వేసుకోవాలి.

ఈ పద్ధతి ఎలా వచ్చింది?

1989లో ఇండోనేషియాలో వరిపై సుడిదోమ నివారణకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. రైతులే పొలంలో పురుగులను లెక్కించి, చర్చించి, మందు కొట్టాలో వద్దో తేల్చుకునేవారు. మన దగ్గర ఇదే 'పొలంబడి' అయింది. తరువాత నెదర్లాండ్స్ నిధులతో ఎఫ్‌ఏఓ అమలు చేసిన భూగర్భ జలాల పథకం అనంతపురంతో సహా 7 జిల్లాల్లో ఈ పద్ధతిని నీటికి వర్తింపజేసింది. వాననూ బోర్ల నీటిమట్టాన్నీ రైతులే కొలిచారు, ఏ పంట వేయాలో వారే నిర్ణయించుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భ జలాల నివేదిక ఈ రైతుల అనుభవాన్ని ప్రస్తావించింది. అలా బయటి నుంచి వచ్చిన పద్ధతికి మన రైతుల అనుభవం తోడై తిరిగి బయటివారికి పాఠమైంది.

మీ ఊళ్లో ఇలా చేయండి

1. వర్షమాపకంతో రోజూ వాన కొలిచి రాయండి. ఎకరంపై 1 మి.మీ. వాన అంటే సుమారు 4,000 లీటర్లు.

2. నెలకోసారి, మోటార్లు ఆపాక, ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం కొలవండి. కొలిచాక బోరు మూత తప్పక బిగించండి.

3. 200 లీటర్ల డ్రమ్ము నిండే సమయం చూడండి. 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు. రోజుకు 7 గంటల చొప్పున 100 రోజులకు సుమారు 50 లక్షల లీటర్లు.

4. పంట అవసరంతో పోల్చండి. ఎకరా వరికి సుమారు 48 లక్షలు, వేరుశనగకు 20 లక్షలు, రాగికి 12 లక్షల లీటర్లు కావాలి. నేల, కాలాన్ని బట్టి ఇది మారుతుంది. ఏడాది పొడవునా తడి కావాల్సిన మల్బరీ ఉంటే దాని వాటా ముందే తీసేయండి.

5. ఎండలు ముదిరితే బోరు తగ్గుతుంది. అందుకే నాలుగో వంతు నీరు మిగిల్చి విస్తీర్ణం నిర్ణయించుకోండి. పై ఉదాహరణలో వేరుశనగ 2 ఎకరాల కంటే కాస్త తక్కువే ఉండాలి.

అక్టోబరులో, విత్తనం కొనకముందే, ఊరంతా కూర్చుని ఈ అంకెలు గోడపై రాయండి. ఏ బోరు ఏ నెలలో తగ్గుతుందో పెద్ద రైతులను, ఆడవాళ్లను అడగండి. ఆ వివరం మా కాగితాల్లో దొరకదు. లెక్కల్లో సాయానికి మీ రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడిని పిలవండి.