దీన్ దయాళ్ గాజుపలకలు

కత్తి పట్టని వానికి ‘జంగ్’ బిరుదము దక్కుట నిజాము కొలువులోనే చెల్లును. 1894లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ తన ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్ దయాళ్‌ను ‘రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్’ గావించినాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు.

మీరటు చెంత సర్ధానాలో 1844లో పుట్టిన ఈయన తొలుత చిత్రకారుడు కాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు మరామత్తు శాఖలో నక్షాలు గీయుచు, అంచనాలు వేయుచుండిన ఉద్యోగి. ఆ నక్షాల పనివాని చూపే ఆయన కళకు పునాది అని మా తలంపు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతము తిరిగి తీసిన కట్టడముల చిత్రములను చూచినచో ఈ సంగతి తెలియును. గోడలు నిట్టనిలువుగా నిలుచును. కొన్నిట, ఎత్తు ఎంతో తెలియునట్లు, రాతి మొదట ఒక మనిషి ఉండును.

ఆనాటి కెమేరా ముక్కాలిపై నిలిపెడి పెద్ద పెట్టె. నల్లగుడ్డ క్రింద తల దూర్చి చూచిన, గరుకు గాజుపై లోకము తలక్రిందులుగా కనిపించెడిది. గాజుపలకను కాగితమునకు ఆనించి ఎండలో ముద్రించెడివారు గనుక పలక ఎంతో చిత్రమూ అంతే. ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో ముందే తేల్చుకొనవలెను. ఎండ ఏ వైపు వాలునో, స్తంభపు నీడ ఎంత సాగునో కనిపెట్టి వేచియుండుట అందులో సగము పని.

1892లో ఘోషా స్త్రీల కొరకు, ఒక ఆంగ్ల వనిత నిర్వహణలో, జనానా స్టూడియో కూడ తెరచినాడు.

1902లో ఓరుగల్లు సీమలోని నెక్కొండ దగ్గర కర్జను ప్రభువు, ఆయన సతి వేటాడిన పులి చెంత నిలిచిన చిత్రము లోకమెల్ల ఎరిగినదే. దానికంటె మమ్ము నిలువరించునవి కరవు చిత్రములు. 1899-1900 కరవునాట ఔరంగాబాదులో బీదలకై ఏర్పరచిన శాలలోని జనమును ఆయన స్టూడియో చిత్రించినది. దర్బారు ప్రముఖులను కూర్చినట్లే వారినీ అమర్చినారు. ఇందు మాకు సంకోచము కలదు. ప్రభుత్వము చేసిన సహాయమును చూపుట ఆ చిత్రముల ప్రయోజనము, ఆకలి ఎంతటిదో చూపుట కాదు. అయినను చిక్కిన మేనులు పలకపై స్ఫుటముగా పడినవి. ప్రభువుల పేర్లు చిత్రముల క్రింద ఉన్నవి. వీరి పేర్లు లేవు.

దీన్ దయాళ్ 1905లో గతించినాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. చేయి జారిన పగులు గాజు. ఇన్నేండ్లకు ఇన్ని దక్కుట ఆశ్చర్యమే.