బందరు తరగతి గదిలో ఐరోపా సంస్కరణ

పందొమ్మిదో శతాబ్ది తొలి దశకాల్లో ఇంగ్లండును కదిలించిన సువార్తోద్యమం బానిస వ్యాపార నిషేధానికి ఎంతగా తోడ్పడిందో, సముద్రాలకావల పాఠశాలల స్థాపనకూ అంతగా ప్రేరణమైంది. ఆ ప్రేరణతోనే కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1841లో మచిలీపట్నం (బందరు) చేరి, 1843లో ఒక బడి తెరిచారు. కాలక్రమాన అదే నోబుల్ కళాశాల అయింది.

నోబుల్ కృషిని నిష్పక్షపాతంగా తూచవలసి ఉంది. అగ్రవర్ణ బాలురను ఆకర్షించదలచి, ఆయన తొలిదశలో అంటరానివారిగా ఎంచబడినవారికి ప్రవేశం నిరాకరించారు. దేవుని ఎదుట అందరూ సమానులనే బోధకు ఇది పొసగని రాజీ. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం స్వీకరించగా పట్టణం కలవరపడి, తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. అయినా 1865లో మరణించే దాకా ఆయన ఆ బడిని విడువలేదు. ఆయన కోరిన మతపరివర్తన స్వల్పమే గాని, ఆయన ఉద్దేశించని ఫలితమైన విమర్శనాత్మక పఠనం మాత్రం ఆ నేలలో వేళ్లూనింది.

1862లో బందరులోనే జన్మించిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ విశ్వాసి. ఆ శతాబ్ది చివరి దశకంలో నోబుల్ కళాశాలలో ఆంగ్లం బోధించారు. బ్రిటనులో జోసఫీన్ బట్లర్ వంటివారు స్త్రీలను అవమానించే అంటువ్యాధుల చట్టాలపై పోరాడి 1886లో వాటిని రద్దు చేయించగా, ఆ ఉద్యమ వాతావరణంలో పెరిగిన నైతిక శుద్ధి భావాన్ని నాయుడుగారు ఇక్కడ భోగంమేళాల, అంటే భోగంస్త్రీల నృత్యప్రదర్శనల, నిరసనగా మలిచారు. ఆ నిరసన వేదికలను శుభ్రపరచిందే గాని, కళనే జీవనాధారంగా నమ్ముకున్న స్త్రీల బతుకుతెరువును తగినంతగా పట్టించుకోలేదనడం అన్యాయం కాదు. దివిసీమలోని ముట్నూరులో పుట్టి, తరువాత కృష్ణాపత్రికను దశాబ్దాలపాటు నడిపిన ముట్నూరి కృష్ణారావు నాయుడుగారి శిష్యులే.

ఇంతలో ఈ భావాల వ్యాప్తికి మరొక కారణమూ పనిచేసింది. 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట కాలువల నీటితో డెల్టా పల్లెలు పండి, రైతు కుటుంబాల పిల్లలకు ఉన్నత విద్య అందుబాటులోకి వచ్చింది. గుడివాడ సమీపంలోని అంగలూరులో 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరి బందరులో చదివి, 1914లో న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ వెళ్లి, 1917లో తిరిగివచ్చారు. 'శంబుకవధ' నాటకంలో పురాణాన్ని హేతుదృష్టితో విచారించిన ఆయన, పెళ్లితంతును తెలుగులోనే రచించి, వధూవరులు తాము చేసే ప్రమాణం తామే గ్రహించేలా వివాహాలు జరిపించారు. 1522లో మతసంస్కర్త లూథర్ కొత్త నిబంధనను జర్మన్ ప్రజల చేతికి అందించడంలో ఉన్న తర్కం ఇక్కడా కనిపిస్తుంది: దైవానికీ మనిషికీ నడుమ అర్థంకాని భాష అడ్డుగోడ కారాదు. అయితే లూథర్ గ్రంథాన్నే ప్రమాణం చేసుకోగా, చౌదరి గ్రంథప్రామాణ్యాన్నే ప్రశ్నించారు.

కాబట్టి ఐరోపా సంస్కరణోద్యమాలను ఈ డెల్టా విద్యార్థులకు బోధించే చరిత్రాచార్యుడు లూథర్ పనిచేసిన విట్టెన్‌బర్గుతోపాటు అంగలూరునూ పాఠంలో చేర్చాలి. స్వీకరణను అనుకరణగా, సంస్కర్తను దోషరహితునిగా చూపకుండా, ఏ భావం ఏ అవసరానికి ఎలా మారిందో వివరించగలిగినప్పుడే ఆ బోధన చరిత్ర అవుతుంది.